మాస్టారి కారు

పాత వస్తువు మీద మమకారం చూపడానికి లోకంలో రెండు మార్గాలు ఉన్నవి. దానిని పట్టుగుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, తాళం వేసి కాపాడడం ఒక మార్గం. ప్రతిదినం వాడుకొంటూ, అరిగిన చోట అతుకు వేసుకొంటూ, దానితోపాటే తామూ వృద్ధులు కావడం రెండవ మార్గం. నాయనమ్మ కాపురానికి తెచ్చుకొన్న కంచు చెంబును అటక మీద పదిలపరచిన ఇండ్లు ఉన్నవి. ఆ చెంబుతోనే నేటికీ మంచినీళ్ళు త్రాగుతున్న ఇండ్లూ ఉన్నవి. మొదటివారి మమకారం తక్కువదని చెప్పడానికి వీలులేదు. కాని చెంబుకు చిలుము పట్టేది అటక మీదనే. తోడే బావిలోనే నీరు ఊరుతుందని పెద్దలు ఊరకే అనలేదు.

పాత మోటారు కార్లను సేకరించేవారి మధ్య ఈ రెండు మార్గాల తగవు చిరకాలంగా నడుస్తున్నది. తాతల కాలపు కారును అద్దాల గదిలో నిలిపి చూచుకోవలెనా, రోడ్డెక్కించి నడుపుకోవలెనా? నడిపితే అరుగుతుంది, నడపకపోతే చెడుతుంది. రెండింటిలో ఏది నిజమైన సంరక్షణ? ఈ ప్రశ్నకు గ్రంథాలలో కాక రోడ్డు మీదనే సమాధానం వ్రాసిన వ్యక్తి ఒకరున్నారు. ఆయన రాజు కాదు, కోటీశ్వరుడు కాదు. బడిలో పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పుకొని జీవించిన మాస్టారు.

రాజుగారి బండి

మాస్టారి కథకు ముందు రాజుగారి కారును ఒకసారి చూడడం మంచిది. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదానికి వెళ్ళిన విద్యార్థులకు అక్కడ పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ఒకటి దర్శనమిస్తుంది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ దానిని ఇంగ్లండులో పురమాయించినారు. 1911లో ఆయన గతించిన పిమ్మట గాని అది హైదరాబాదు చేరలేదు. వెనుక భాగంలో సింహాసనం వంటి ఎత్తైన పీఠం, దాని మీద గుమ్మటం వంటి కప్పు. ఆ కారు ఉత్సవాలకు తప్ప బయటికి రాలేదు. దశాబ్దాల కాలంలో అది తిరిగిన దూరమంతా కలిపినా కొన్ని వందల మైళ్ళకు మించదు.

ఆశ్చర్యమేమనగా, అది అలంకారం కొరకు పుట్టిన జాతి కాదు. ‘సిల్వర్ ఘోస్ట్’ అని పేరుపొందిన ఆ తరగతి కారునే 1907లో లండన్, గ్లాస్గో నగరాల మధ్య మరల మరల నడిపి, సుమారు 15,000 మైళ్ళు పరీక్షించి చూచినారు. సుదూర ప్రయాణానికి పుట్టిన గుఱ్ఱాన్ని గుఱ్ఱపుశాలలో కట్టివేసినట్లయినది. ఏండ్ల తరబడి మూలపడిన ఆ కారుకు నిపుణులు ఎంతో శ్రమించి మరమ్మతు చేసిన మీదట అది నేటి శోభను పొందినది. దానిని అరగదీసినది రోడ్డు కాదు, నిలుపుదల.

మాస్టారి బండి

ఇక మాస్టారి కారు సంగతి. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో లాంగ్ ఐలండ్ అనే పొడవాటి దీవి ఉన్నది. ఇర్వ్ గార్డన్ అనే యువ ఉపాధ్యాయుడు ఆ ప్రాంతపు బడిలో సైన్సు బోధించేవారు. బడికి రానూపోనూ 125 మైళ్ళు, అనగా మన లెక్కలో 200 కిలోమీటర్లు. అంతకు మునుపు కొన్న బండ్లు ఆయనను దారిలో దింపి అవస్థపెట్టినవి. గంట కొట్టే వేళకు తరగతిలో ఉండవలసిన మనిషికి కావలసినది అందమైన కారు కాదు, నమ్మదగిన కారు.

1966 జూన్ నెలాఖరున ఆయన ఎర్రని వోల్వో పి 1800 ఎస్ కారు కొన్నారు. కొనేముందు నడిపి చూడడానికని బయలుదేరి, మూడు గంటల వరకు తిరిగి రాలేదట. దాని వెల 4,150 డాలర్లు. ఆయనకు దాదాపు ఏడాది జీతం. కొన్న తొలి రెండు మూడు దినాలలోనే 1,500 మైళ్ళు తిరిగి, మొదటి సర్వీసింగుకు వచ్చి నిలబడినారు.

ఆ కారు పుట్టుక కూడ చెప్పుకోదగినది. 1960లో బ్రస్సెల్స్ ప్రదర్శనలో దానిని మొదటిసారి లోకానికి చూపినారు. రూపకల్పన చేసినవాడు పెల్లె పెటర్సన్ అనే స్వీడిష్ యువకుడు. ఇటలీలో శిక్షణ పొందుతూ గీసిన రూపమది. మొదట ఇంగ్లండులో కూర్చి, 1963 నుండి స్వీడన్‌లోనే తయారుచేసినారు. ‘ది సెయింట్’ అనే టెలివిజన్ ధారావాహికలో రోజర్ మూర్ నడిపిన తెల్లని కారు ఈ జాతిదే. చూపులకు సుకుమారమైనా, లోపలి యంత్రం మొరటుది: నాలుగు సిలిండర్లు, ఇరుసు వంటి ప్రధాన దండాన్ని ఐదు చోట్ల పట్టి ఉంచే బేరింగులు, రెండు కార్బురేటర్లు. నాలుగు సిలిండర్లకు ఐదు బేరింగులు అమర్చడం వలన ఆ దండం వంగక, వణకక, నిలకడగా తిరిగేది. 1973లో తయారీ ఆగేనాటికి అన్ని రకాలూ కలిపి సుమారు 47 వేల కార్లు వెలువడినవి.

పిల్లలను పాఠ్యపుస్తకం చదవమని చెప్పే మాస్టారు తామూ ఒక పుస్తకం శ్రద్ధగా చదివినారు. అది కారుతోపాటు ఇచ్చిన చిన్న పుస్తకం. ఎన్ని మైళ్ళకు ఇంజను ఆయిలు మార్చవలెనో, ఎప్పుడు ఏ భాగాన్ని పరీక్షింపవలెనో అందులో ఉన్నది. చాలామంది దానిని డాష్‌బోర్డు అరలో పడవేసి మరచిపోతారు. గార్డన్ మాస్టారు అక్షరమైనా తప్పక అనుసరించినారు. మూడు, మూడున్నర వేల మైళ్ళకు ఒకసారి ఆయిలు మార్చడం ఆయనకు నియమం. వీలైన పనులన్నీ తమ చేతితోనే చేసుకొనేవారు. ఆయన రహస్యం ఏమిటని లోకం అడిగినది గాని, అంతకు మించిన రహస్యమేదీ లేదు.

ఫలితం చరిత్రలో నిలిచినది. 6,80,000 మైళ్ళు తిరిగిన తరువాత గాని ఇంజనును విప్పి పునర్నిర్మించవలసిన అవసరం రాలేదు. 1987లో పది లక్షల మైళ్ళు పూర్తి అయినవి. ఒకే యజమాని సొంత వాడుకలో అత్యధిక దూరం నడిచిన కారుగా 1998లో గిన్నిస్ వారు గుర్తించినారు. 2002లో ఇరవై లక్షలు. 2013 సెప్టెంబరులో, అలాస్కాలోని ఒక రహదారి మీద, ముప్పై లక్షల మైలు దాటినది. 2018 నవంబరులో మాస్టారు మరణించేనాటికి లెక్క 32 లక్షలు మించినది.

ఈ అంకెలను విద్యార్థులు పలక మీద వేసి చూడవచ్చును. ముప్పై లక్షల మైళ్ళనగా 48 లక్షల కిలోమీటర్లకు పైమాట. భూమధ్యరేఖ చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. కాబట్టి ఆ కారు భూమిని 120 సార్లు చుట్టినట్లే. చంద్రునికి ఆరుసార్లు వెళ్ళి ఆరుసార్లు తిరిగి వచ్చినా ఇంకా దూరం మిగిలిపోతుంది. 47 సంవత్సరాలకు పంచి చూస్తే, సెలవు దినమనక పండుగ దినమనక రోజుకు 280 కిలోమీటర్లు. మూడున్నర వేల మైళ్ళకు ఒకసారి అనుకొన్నా, ఆయిలు మార్చినది ఎనిమిది వందల సార్లకు పైగా. లోకం మొదటి అంకెలను చూచి ముక్కున వేలు వేసుకొన్నది. కాని ఆ అంకెలను నిలబెట్టినది ఈ చివరి అంకె.

కదలని యంత్రం

తిరిగేకొద్దీ బండి అరగవలెను గదా, ఈ బండి ఎట్లు బ్రతికినదని సందేహం కలుగుతుంది. జవాబు యంత్రం పనిచేసే తీరులోనే ఉన్నది. ఇంజనుకు ఎక్కువ అరుగుదల కలిగేది పరుగెత్తే సమయంలో కాదు. చల్లబడి నిలిచిన పిమ్మట మొదటిసారి తిరిగే క్షణాలలో. నిలిచి ఉన్నప్పుడు ఆయిలు క్రిందికి జారి, లోహానికి లోహానికి మధ్య ఉండవలసిన పలుచని పొర సన్నగిలుతుంది. వేడెక్కి ఆయిలు అంతటా ప్రాకినాక అదే ఇంజను గంటల తరబడి సుఖంగా తిరుగుతుంది. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి కూడ పుడుతుంది. నాలుగడుగులు తిరిగి ఆగిపోయే బండిలో ఆ తేమ పొగగొట్టంలోనూ ఆయిలులోనూ నిలిచి, త్రుప్పుకు దారితీస్తుంది. దూరం నడిచే బండిలో అది వేడికి ఎగిరిపోతుంది.

నెలల తరబడి షెడ్డులో నిలిచిన కారుకు మరికొన్ని రోగాలు తగులుకొంటవి. ట్యాంకులోని పెట్రోలు చెడి, జిగురు దేరి, కార్బురేటరులోని సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. రబ్బరు భాగాలు ఎండి పగులుతవి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొంటుంది. బ్యాటరీ చచ్చిపోతుంది. ఒకే చోట బరువు మోసిన టైర్లు అడుగున చదునెక్కుతవి. ప్రేమతో దాచిన బండి ప్రేమవలననే చెడిపోవడం ఇట్లు జరుగుతుంది.

దీనిని బట్టి ఎట్లు నడిపినా మంచిదేనని అర్థం కాదు. గార్డన్ మాస్టారి మైళ్ళలో అధికభాగం నున్నని రహదారుల మీదివి. పట్టణపు సందులలో క్షణక్షణం గేరు మార్చి, బ్రేకు వేసి నడిపే మైలుతో పోలిస్తే అవి తేలికైనవి. ప్రతిదినం బడికి పోయివచ్చే ఆ దీర్ఘ ప్రయాణమే ఆ కారుకు వ్యాయామమూ ఔషధమూ అయినది.

బ్రైటన్ దారి

మాస్టారిది నిత్యవ్రతమైతే, ఏడాదికొక నోము వంటిది ఇంగ్లండులో ఉన్నది. అక్కడ 1865 నాటి చట్టం ప్రకారం, రోడ్డు మీద స్వయంగా నడిచే ఏ ఇంజనైనా పల్లెలలో గంటకు నాలుగు మైళ్ళ వేగం మించరాదు. ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని దాని ముందు నడవవలెను. వేగపరిమితిని పెంచిన క్రొత్త చట్టం 1896 నవంబరు 14న అమలులోకి వచ్చినది. ఆ దినమే మోటారు యజమానులు లండన్ నుండి సముద్రతీరాన ఉన్న బ్రైటన్‌కు ఊరేగింపుగా బయలుదేరినారు. దాని జ్ఞాపకార్థం 1927లో మరల మొదలైన యాత్ర, యుద్ధకాలం వంటి కొన్ని అంతరాయాలు తప్ప, ఏటా నవంబరు మొదటి ఆదివారం సాగుతున్నది. 1905కు ముందు తయారైన బండ్లకే అందులో ప్రవేశం. దూరం సుమారు 60 మైళ్ళు. సూర్యోదయ వేళకు హైడ్ పార్కు నుండి కదలిన ముదుసలి బండ్లు తుమ్ముతూ, దగ్గుతూ, ఎత్తైన చోట యజమానులచేత నెట్టించుకొంటూ సాయంకాలానికి తీరం చేరుతవి. చేరనివీ ఉంటవి. చేరకపోయినంత మాత్రాన అవమానం లేదు.

ఈ యాత్ర కేవలం వినోదం కాదు. నూరేండ్లు దాటిన కారును నడపడం ఒక విద్య. స్టార్టింగ్ హ్యాండిల్ త్రిప్పేటప్పుడు బొటనవ్రేలు మిగిలిన వ్రేళ్ళ ప్రక్కనే ఉండవలెను గాని, పిడికిలి బిగించినట్లు చుట్టుకొనరాదు. కారణమేమనగా, నిప్పురవ్వ వేళకు ముందే పుడితే పిస్టన్ వెనుకకు తన్నుతుంది. హ్యాండిల్ ఎదురు తిరిగి మణికట్టు విరిచివేయగలదు. అందుకే హ్యాండిల్ పట్టుకొనే ముందు రవ్వను ఆలస్యం చేసే మీటను సరిచూడవలెను. ఇంజను అందుకొన్న పిదప ఆ మీటను మెల్లగా మార్చవలెను. ఇవి పుస్తకంలో చదివి తెలుసుకోగలిగిన సంగతులే. కాని ఎంత మెల్లగా అనేది చేతికి, ఎప్పుడు అనేది చెవికి మాత్రమే తెలుస్తుంది. ఆ చెయ్యి, ఆ చెవి ఒక తరం నుండి ఇంకొక తరానికి అందవలెనంటే బండి కదలక తప్పదు. అద్దాల గదిలో నిలిచిన కారు తన రూపాన్ని కాపాడుకోగలదు. తన విద్యను కాపాడుకోలేదు.

ఈ యాత్ర ఆధారంగా 1953లో ‘జెనెవీవ్’ అనే చలనచిత్రం వచ్చి విశేషంగా ప్రజాదరణ పొందినది. అందులోని నాయిక ఒక కారు. 1904 నాటి డరాక్. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన కాలంలో తుక్కు మధ్య దొరికిన ఆ బండిని ఒక అభిమాని బాగుచేసినందువలననే చిత్రంలో పరుగెత్తగలిగినది. దానిని నడిపే పాత్ర వేసిన జాన్ గ్రెగ్సన్‌కు చిత్రీకరణ మొదలుపెట్టేనాటికి కారు నడపడమే రాదు! నేడు ఆ డరాక్ నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో లూమన్ మ్యూజియంలో ఉన్నది.

అరుగుదల, అసలుదనం

ఎదుటి పక్షం వాదన కూడ వినవలసినదే. ముప్పై లక్షల మైళ్ళు నడిచిన కారులో మొదటినాటి భాగాలు ఎన్ని మిగులుతవి? ఇంజను విప్పి కట్టినారు. అరిగినవి తీసి క్రొత్తవి వేసినారు. అయినా అది 1966లో కొన్న కారేనా? మన ఊళ్ళలో ఈ ప్రశ్నకు జవాబు తెలియనివారు లేరు. దేవుని రథానికి ఇరుసు పుచ్చితే ఇరుసు మార్చుతారు, చక్రం విరిగితే చక్రం మార్చుతారు. రథోత్సవం నాడు మాత్రం అది ఆ ఊరి రథమే. పూరీలో ఏటేటా క్రొత్త కఱ్ఱతో రథాలు కట్టినా జగన్నాథుని రథం పాతబడిన సంప్రదాయంగానే ఉన్నది. నిలిచి ఉండేది కఱ్ఱ కాదు, నడక.

కాని ఈ న్యాయం అన్నింటికీ వర్తించదు. లోకంలో ఒక్కటే మిగిలిన కారు ఉండవచ్చును. ఆనాటి రంగు, ఆనాటి తోలు, ఆనాటి వడ్రంగి చేతి గుర్తు దాని మీదనే ఉండవచ్చును. ఒకసారి గీచివేసి రంగు వేస్తే ఆ సాక్ష్యం మరల రాదు. నేటి వాహనాల రద్దీలో దానిని నడపడం, తాళపత్ర గ్రంథాన్ని సంతలో విప్పి చదవడం వంటిది. అటువంటి కారుకు అద్దాల గదియే క్షేమం. 47 వేలలో ఒకటైన తన కారును అరగదీసినందువలన మాస్టారు లోకానికి కలిగించిన నష్టమేమీ లేదు. నిజాముగారి సింహాసనపు కారును రోజూ బడికి నడిపితే నష్టం ఉండేది. ఏది దాచదగినదో, ఏది వాడదగినదో తెలుసుకోవడమే సేకర్తకు ఉండవలసిన వివేకం.

మన షెడ్డులలో

మన దేశంలోనూ ఈ అభిరుచి క్రొత్తది కాదు. ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రికవారి పాతకార్ల ర్యాలీ 1964లో మొదలైనది. 2021లో కేంద్రప్రభుత్వం ఇటువంటి వాహనాలకు ప్రత్యేక నిబంధనలు చేసినది. మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏండ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలను ‘వింటేజ్’ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చును. వానికి ‘వి ఎ’ అనే అక్షరాలు గల ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతులకు రోడ్డెక్కవచ్చును. నిత్యప్రయాణానికి మాత్రం వాడరాదు. ఇందులో న్యాయం లేకపోలేదు. పాత ఇంజనుల పొగను నేటి నగరాల గాలి భరించలేదు. అయినా, ర్యాలీకీ మరమ్మతుకూ దారి తెరచి ఉంచడం వలన, బండిని అప్పుడప్పుడైనా కదల్చే అవకాశం యజమానికి మిగిలినది.

ఈ నిబంధన మహారాజుల కార్లకే పరిమితమైనది కాదు. 1950ల చివరి నుండి 2014 వరకు బెంగాలులోని ఉత్తరపాడాలో తయారైన అంబాసిడరు కార్లలో తొలి తరాలవి యాభై ఏండ్లు దాటి చాలాకాలమైనది. పెళ్ళికొడుకులను ఊరేగించి, రోగులను ఆసుపత్రికి చేర్చి, కలెక్టర్లను పల్లెలకు తెచ్చిన ఆ కార్లు ఇంకా కొన్ని షెడ్డులలో, చింతచెట్ల క్రింద నిలిచి ఉన్నవి. వాటితోపాటు మెకానిక్కు విద్య కూడ నిలిచిపోతున్నది. కార్బురేటరు మరను అర చుట్టు త్రిప్పి, తల వంచి విని, పావు చుట్టు వెనుకకు త్రిప్పి ఇంజను గొంతు సరిచేసే మేస్త్రీలు నేడు వయసు మళ్ళినవారు. క్రొత్త కార్లలో కార్బురేటరే లేదు. నేర్చుకొనే కుర్రవానికి దానితో పని లేదు. పాత అంబాసిడరు ఒకటి నెలకొకసారి వీధిలోకి వచ్చినా, ఆ విద్యకు ఒక శిష్యుడు దొరికే ఆశ ఉంటుంది.

సంతలో పాత కారుకు వెలకట్టే పద్ధతి అందరికీ తెలిసినదే. మీటరులో అంకె పెరిగేకొద్దీ ధర తగ్గుతుంది. తిరగని బండికి ఎక్కువ, తిరిగిన బండికి తక్కువ. గార్డన్ మాస్టారు ఈ లెక్కను తలక్రిందులు చేసినారు. కారును అమ్ముతారా అని అడిగినవారికి, మైలుకు ఒక డాలరు చొప్పున ఇస్తే అమ్ముతానని చెప్పేవారు. ఆ విధంగా ప్రతి ఉదయం బండి బయలుదేరినప్పుడు దాని వెల కూడ బయలుదేరేది. 1987లో పది లక్షల డాలర్లు. 2013లో ముప్పై లక్షలు. బేరం మాత్రం కుదరలేదు. ఏడాది జీతం పెట్టి కొన్న ఆ ఎర్రని కారుకు చివరివరకు యజమాని ఆయనే.